మిషన్లన్నీ ఆయన మాట వినేవి

పొద్దున పదింటికి కంప్యూటర్ ఆన్ చేయగానే నాకు రోజూ ఒక మందలింపు పడుతుంది. నీలం తెర మీద తెల్లటి అక్షరాలు: "లేసి పోతాంటే లాక్ చేసి పోండి. మీ పేరు మీద జరిగేదానికి జవాబు మీరే చెప్పుకోవాల." కింద 'సరే' అని ఒక బొత్తాం ఉంటుంది. అది నొక్కితే తప్ప లోపలికి పోనివ్వదు. మా ఆఫీసులో ఉన్న ఎనభై చిల్లర కంప్యూటర్లలోనూ ఇదే మాట, ఇదే యాసలో. రాసిన మనిషి నాలుగేళ్ల కిందటే ఈ ఆఫీసు వదిలిపోయాడు. తర్వాత వచ్చినవాళ్లెవరూ దాన్ని తీసేయలేదు. పోయిన నెల ఆ మనిషి లోకాన్నే వదిలిపోయాడు. ఆ కబురు తెలిసిన పొద్దున 'సరే' నొక్కడానికి నాకు చెయ్యి రాలేదు. నా మిషను చెడిపోయిందేమో అనుకుని పక్క సీటావిడ వచ్చి వైర్లు కదిలించి చూసింది.

ఆయన పేరు రాయను. ఆఫీసులో కూడా పేరు పెట్టి పిలిచినవాళ్లు తక్కువే. ఎదురుగా 'సిస్టం సారు' అనేవాళ్లం. వెనకాల అన్న పేర్లు చాలా ఉన్నాయి, వాటిలో సగం నేను పెట్టినవే.

మాది అనంతపురంలో ఒక ఆఫీసు. వానలు మొహం చాటేసిన ఏడు, అంటే ఇంచుమించు ప్రతి ఏడూ, ఎండిపోయిన చెనక్కాయ చేలకు పరిహారం రావాల్సిన రైతుల పేర్ల జాబితాలు తయారుచేసి పైకి పంపడం మా పని. అంతకంటే వివరం అక్కర్లేదు. నేను అందులో సీనియర్ అసిస్టెంట్‌ని, నోరున్న మనిషినని పేరు కూడా ఉంది. ఆయన మాత్రం కాంట్రాక్టు మనిషి, నాకంటే పదేళ్లు చిన్న. ఏడాదికొకసారి ఎవరో సంతకం పెడితేనే ఆయనకు మరుసటి ఏడాది ఉద్యోగం.

ఆయన రాకముందు మా కంప్యూటర్లు ఎవరి ఇష్టం వాళ్లవి. ఒకదాంట్లో పాటలు, ఒకదాంట్లో పెళ్లి వీడియోలు. పెన్‌డ్రైవ్ పెట్టినప్పుడల్లా ఏదో ఒక వైరస్. జాబితా సగం ఎక్కించాక మిషను గుడ్లు తేలేస్తే నెత్తిన చేతులు పెట్టుకుని కూర్చునేవాళ్లం. ఆయన వచ్చి మిషన్లన్నిటినీ ఒక పెద్ద మిషనుకు కట్టేశాడు. ఇక ఏ రూలైనా ఆ గదిలో కూర్చుని ఒక్కసారి రాస్తే చాలు, మూడంతస్తుల్లో ఉన్న కంప్యూటర్లన్నీ దాన్ని పాటించేవి. పెన్‌డ్రైవ్ పెడితే తీసుకోవు. పది నిమిషాలు ముట్టకపోతే వాటంతటవే లాక్ అవుతాయి. నలభై ఐదు రోజులకొకసారి పాస్‌వర్డు మార్చమని ప్రాణం తీస్తాయి.

"ఇదంతా ఎట్ల తెలుస్తుందప్పా వాటికి?" అని ఒకసారి అడిగాను.

"గంటన్నరకొకసారి అవే వచ్చి అడుగుతాయక్కా, కొత్తగా ఏమన్నా చెప్పేదుండాదా అని. మా ఇంట్లో కూడా నన్ను అట్ల అడిగేవాళ్లు లేరు," అన్నాడు నవ్వకుండా. ఆయన నవ్వకుండా అనే మాటలకు మనం నవ్వాలా వద్దా అన్నది తేలేది కాదు.

ఆ పెద్ద మిషను ఉన్న గదికి మాత్రమే ఏసీ. మే నెలలో మేమంతా మండే ఎండకు ఉడికిపోతుంటే ఆయన స్వెట్టర్ వేసుకుని తిరిగేవాడు. ఊదారంగు స్వెట్టరు, మోచేతుల దగ్గర ఆయన భార్య వేరే రంగు దారంతో అల్లిన అతుకులు. ఆ వేషంతో వరండాలోకి వస్తే పని మీద వచ్చిన రైతులు ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్లు. మేం ఏదో ఒక వంక పెట్టుకుని ఆ గదికి పోయేవాళ్లం. "సమస్య ఉంటే చెప్పండి. లేకుంటే చల్లగాలి తిని పోండి. చెప్పులు మాత్రం బయట ఇడిసి రాండి," అనేవాడు. జేబులో ఎప్పుడూ వేయించిన చెనగ్గింజలు. తినాలంటే కుర్చీలోంచి లేచి, గుమ్మం దాటి, వరండాలో నిలబడి తినేవాడు. కీబోర్డులో పొట్టు పడుతుందట. అన్నం తినేటప్పుడు కూడా ఏ మనిషీ అంత నిష్ఠగా ఉండడు.

మా మొదటి పోట్లాట ఫోటో గురించి. నా తెర మీద మా అమ్మాయి చిన్నప్పటి ఫోటో ఉండేది, పళ్లూడిన నవ్వుతో. ఒక సోమవారం వచ్చి చూస్తే ఫోటో లేదు, ఆఫీసు ముద్ర ఉంది. మళ్లీ పెడదామంటే ఆ బొత్తాలన్నీ బూడిదరంగులోకి తిరిగిపోయి నొక్కినా పలకవు. నాకు ఒళ్లు మండిపోయింది. చెప్పులు కూడా విడవకుండా ఆ గదిలోకి పోయి, "ఏమప్పా, నా బిడ్డ మొహం నీకేం అడ్డమొచ్చింది?" అని అడిగాను.

ఆయన ముందు నా చెప్పుల వైపు చూశాడు. తర్వాత తన తెర నా వైపు తిప్పాడు. అక్కడా ఆఫీసు ముద్రే. "ఆడ నా బిడ్డ ఉండె అక్కా. పోయిన సోమవారమే తీసేసినా," అన్నాడు.

అప్పుడు తెలిసింది నాకు ఆయన పద్ధతి. ఏ రూలైనా ముందు వారం రోజులు తన ఒక్కడి మీద పెట్టుకునేవాడు. పది నిమిషాల లాకు ఎంత చిరాకు పుట్టిస్తుందో ముందు తను చూశాడు. నిజానికి మొదట మాకు ఐదు నిమిషాలే రాసిపెట్టాడట, వారం తను వేగాక అయ్యో అనుకుని పది చేశాడు. ఆ సంగతి చెప్పుకుని మెప్పు పొందాలని కూడా తోచని మనిషి. నేను మాత్రం ఆ రోజు మెత్తబడలేదు. "నీ బిడ్డను తీసేసుకుంటే నీ ఇష్టం, నా బిడ్డనెందుకు తీసేయడం?" అని అరిచి వచ్చేశాను.

మా మాట కూడా కొంచెం చెప్పుకోవాలి. మా సెక్షన్‌లో ఒకరి టిఫిన్ డబ్బాలో ఒకరం తింటాం. ఒకరి ఇంట్లో కాన్పయితే ఇంకొకరం సెలవు పెట్టి పోతాం. అలాంటి చోట పాస్‌వర్డు దాచుకోవడమంటే మనిషిని నమ్మనట్టే. అందుకని గోడకు వేలాడే దేవుడి క్యాలెండర్ వెనకవైపు అందరి పాస్‌వర్డులూ పెన్సిలుతో రాసి పెట్టుకునేవాళ్లం. ఎవరు సెలవులో ఉన్నా పని ఆగదు. ఆయన ఒకరోజు అది చూశాడు. ఏమీ అనకుండా, మరుసటి రోజు ఇంటి నుంచి కొత్త క్యాలెండర్ తెచ్చి తగిలించి పాతది పట్టుకుపోయాడు. మేం కొత్తదాని వెనక మళ్లీ రాశాం. ఆయన ఇంకొకటి తెచ్చాడు. మూడోదాని తర్వాత కాళ్లు చాపేసి మా బల్ల మీదే కూర్చుని, "మిషన్లకు ఒగసారి చెప్తే ఇంటాయి. మిమ్మల్ని ఏం చేసేది నేను?" అన్నాడు. మేమంతా పగలబడి నవ్వాం. నేను ఇంకా పెద్దగా నవ్వాను.

ఆ ఏడు జాబితా పైకి పోయిన పదిరోజులకు కర్ణాటక అంచున ఉన్న ఒక ఊరి నుంచి రైతులు వచ్చారు. అందులో ఒక ముసలాయన నా బల్ల దగ్గరికొచ్చి, "తల్లీ, ముందు గోడకంటించిన పట్టీలో నా పేరు ఉండె. ఇప్పుడు లేదంటాండారు. నేను సచ్చిపోయినాననుకున్నారా ఏమి?" అని అడిగాడు. తెరిచి చూస్తే ఆయనొక్కడిదే కాదు, ఆ ఊరివి ఇరవై పైచిలుకు పేర్లు లేవు. ఆ స్థానాల్లో, ఆ ఊళ్లో ఎవరికీ తెలియని పేర్లు ఉన్నాయి. మార్చింది ఎవరో కంప్యూటరు రాసిపెట్టుకుంటుంది కదా. చూస్తే నా పేరు.

నేను మార్చలేదు. కానీ నా పాస్‌వర్డు ఎవరి దగ్గర ఉందో నాకు తెలుసు. నెల కిందట మా సూపరింటెండెంట్, "నువ్వు సెలవులో ఉంటే పని ఆగిపోతాందమ్మా, నీ పాస్‌వర్డు చెప్పు" అంటే, సెక్షనంతా వింటుండగా నోరారా చెప్పిన దాన్ని నేను. ఆ సూపరింటెండెంట్ దగ్గరికే పరుగెత్తాను. "నాకేం తెలుసమ్మా? నీ పాస్‌వర్డు నీది గదా," అన్నాడు ఫైలు మీంచి తల ఎత్తకుండా.

విచారణకు బయటి నుంచి ఒక అధికారిని వేశారు. నేరం రుజువైతే నా ఉద్యోగం పోతుంది, పైన కేసు. మా ఆయన లారీ డ్రైవరు. నడుం దెబ్బ తిని మూడేళ్లుగా మంచం మీదే ఉన్నాడు. అమ్మాయి నర్సింగ్ చదువుతోంది. ఇంటికి నా జీతమొక్కటే ఆధారం. ఇవన్నీ తలచుకుంటూ ఆ మధ్యాహ్నం నేను చేరింది ఆ ఏసీ గదికే. చెప్పులు విడిచానో లేదో గుర్తులేదు.

ఆయన ఓదార్చలేదు. ఓదార్చడం ఆయనకు రాదు. "పేర్లు మారిన రోజు అన్నానికి ఎన్ని గంటలకు లేసినారక్కా?" అని అడిగాడు.

"ఒకటిన్నరకు."

"లాక్ చేసి పోయినారా?"

"నేనెప్పుడు చేసి చచ్చానప్పా?"

"మీరు చేయలేదు, అదే చేసుకునింది. ఒంటిగంట నలభైకి లాక్ పడినాది. మీరు రెండున్నరకు వచ్చి తీసినారు." తెర నా వైపు తిప్పాడు. "పేర్లు మారింది రెండూ ఐదుకు. మీ పేరుతోనే. కానీ మీ మిషను కాదు. సూపరింటెండెంటు సారు గదిలో మిషను."

నేను నోటికొచ్చిన పేర్లన్నీ పెట్టి తిట్టిన ఆ పది నిమిషాల లాకు! ఏడుపు ఆగలేదు నాకు, బల్ల మీద తల పెట్టి ఏడ్చేశాను. ఆయన మెల్లగా నా మోచేతి కింద నుంచి ఏదో లాక్కున్నాడు. "ఏడిస్తే ఏడవండి గానీ కీబోర్డు మీద కాదక్కా," అన్నాడు. ఏడుస్తూనే నవ్వొచ్చింది.

మరునాడు ఏదో కాగితం కోసం మళ్లీ ఆ గదికి పోతే, తలుపు ఓరగా ఉంది, లోపల సూపరింటెండెంట్ గొంతు. నేను వరండాలోనే ఆగిపోయాను.

"పాత రికార్డులు చెరిగిపోయినాయని చెప్పప్పా, అంతే. నీ కాంట్రాక్టు మార్చితో అయిపోతాండాది. సంతకం పెట్టాల్సింది నేనే గదా."

"చెరిగిపోలేదు సార్. ఆర్నెల్లవి ఉంటాయి. అట్ల పెట్టమని రాసిచ్చింది మీరే. ఆ కాగితం మీద కూడా మీ సంతకమే ఉండాది."

అంతసేపూ ఆయన గొంతు పెరగలేదు, తగ్గలేదు. నాకు పాస్‌వర్డు మార్చమని చెప్పేటప్పుడు ఉండే గొంతే. ఆ క్షణం ఆ మనిషి మీద నాకు కలిగిన గౌరవం ఎంతో చెప్పలేను. అది రెండు రోజులు కూడా నిలవలేదు, అది వేరే సంగతి.

విచారణ రోజు ఆయన స్వెట్టర్ లేకుండా, ఇస్త్రీ చొక్కాతో వచ్చాడు. కాగితాలు చూసుకుంటూ ఏ గదిలో ఏ మిషను, ఏ సమయం, ఏ పేరు, ఒక్కొక్కటే చెప్పాడు. విచారణాధికారి అంతా రాసుకుని కళ్లద్దాలు తీసి, "అయితే ఈమె తప్పు లేదన్నమాట," అన్నారు. వారం రోజుల తర్వాత అప్పుడే నాకు ఊపిరి ఆడింది.

"ఒక తప్పు ఉండాది సార్," అన్నాడు ఆయన.

విచారణాధికారి మళ్లీ కళ్లద్దాలు పెట్టుకున్నారు.

"పాస్‌వర్డు చెప్పింది ఈ అక్కే. అందురూ వింటాండంగానే చెప్పింది. చెప్పొద్దని నేను ముందు నుంచి అంటానే ఉన్నా."

ఎవరూ అడగలేదు ఆ మాట. ఎవరూ! సూపరింటెండెంట్‌ను సస్పెండ్ చేశారు. ఆ ఊరి పేర్లు మళ్లీ జాబితాలోకి వచ్చాయి. నాకు మెమో వచ్చింది, నిర్లక్ష్యమని ఒక ఇంక్రిమెంటు ఆపారు. ఇరవై ఆరేళ్ల సర్వీసులో ఒక్క మచ్చ లేని దాన్ని నేను. మెమో చేతికొచ్చిన రోజు మెట్ల దగ్గర ఆయనను పట్టుకుని అడిగేశాను. "ఆ ఒక్క మాటా మింగేస్తే నీ సొమ్మేం పోయేదప్పా? అడిగారా నిన్ను?"

"అడగలేదక్కా. రేపు సూపరింటెండెంటు చెప్పడా, ఆయమ్మే ఇచ్చిందని? అప్పుడు నేను దాచినట్ల అయితాది. ఒకటి దాచినోడు ఇంకొకటి దాచింటాడంటారు. నా మాట నిలబడకపోతే మీ ఉద్యోగం కూడా నిలబడదు."

ఎంత తేటగా చెప్పాడు. ఆ రోజు నాకు ఒక్క ముక్క చెవికెక్కలేదు. కోపం వస్తే నాకు చెవులు పనిచేయవు, మా ఆయననడగండి. అప్పటి నుంచి ఆయనతో మాటలు మానేశాను. ఏసీ గదికి పోవడం మానేశాను. మిషను ఆగిపోతే పక్క సీటావిడతో కబురు పెట్టించేదాన్ని. ఆయన వచ్చి, నా కుర్చీ పక్కన నిలబడి, బాగుచేసి, "అయిపోయిందక్కా" అని చెప్పి పోయేవాడు. నేను కిటికీలోంచి చూస్తూ కూర్చునేదాన్ని.

మార్చి వచ్చింది. కొత్తగా వచ్చిన అధికారి, ఈ పని ఇక ఏదో కంపెనీ చూసుకుంటుంది, కాంట్రాక్టు పొడిగించేది లేదన్నాడు. అది సూపరింటెండెంట్ మనుషుల పనేనని అందరూ అనుకున్నారు, నాకు తెలియదు. ఆయనను ఉంచమని మా వాళ్లు ఒక అర్జీ రాశారు. ఆయనను తిట్టుకున్నవాళ్లు కూడా సంతకాలు పెట్టారు. నా బల్ల మీదికి కూడా వచ్చింది ఆ కాగితం. "చూద్దాంలే" అని పక్కకు నెట్టాను. సంతకం పెట్టలేదు. ఇది రాయకుండా ఉండాలని చాలా ప్రయత్నించాను.

చివరి రోజు ఆయనకు టీ, బిస్కెట్లు ఇచ్చి పంపారు. నేను పోలేదు. నా సీట్లో కూర్చుని ఏదో టైపు చేస్తున్నట్టు నటించాను. సాయంత్రం ఐదుకు ఆయనే వచ్చాడు. "పోయొస్తానక్కా," అన్నాడు. "ఊఁ" అన్నాను. తల ఎత్తలేదు. ఆయన చెప్పుల చప్పుడు వరండాలో చివరిదాకా వినిపించింది.

ఏడాది తిరిగాక సూపరింటెండెంట్ అప్పీలు చేసుకున్నాడు. పాస్‌వర్డు నేనే ఇచ్చానని, ఆ సంగతి దాచి సాక్షి నన్ను కాపాడాడని, కాబట్టి ఆ సాక్ష్యం మొత్తం చెల్లదని. అప్పీలు విన్నవాళ్లు పాత కాగితాలు తీసి చూశారు. ఆ మాట మొదటి రోజే, సాక్షి నోటి నుంచే, అడగకుండానే వచ్చినట్టు రాసి ఉంది. అప్పీలు కొట్టేశారు. ఆ ఉత్తర్వు కాపీ చదివి నేను బాత్‌రూములోకి పోయి తలుపేసుకున్నాను. మెట్ల దగ్గర ఆయన చెప్పిన ప్రతి అక్షరమూ జరిగింది. ఈ రోజు నేను ఈ కుర్చీలో కూర్చుని జీతం తీసుకుంటున్నానంటే ఆయన చెప్పిన ఆ ఒక్క మాట వల్లే.

అప్పుడే పోవాల్సింది. గుత్తిలో జిరాక్సు షాపు పెట్టుకున్నాడని తెలుసు. ఎంత దూరం? రైలెక్కితే పొద్దున పోయి మధ్యాహ్నానికి రావచ్చు. పోయి ఏమని చెప్పాలి? సంతకం పెట్టలేదని ఆయనకు తెలుసో తెలియదో. వచ్చే ఆదివారం, పండగ కానీ, అమ్మాయి పరీక్షలు కానీ, అనుకుంటూ మూడేళ్లు గడిపాను. ఫోన్ నంబరు ఉంది. ఒక్కసారి కూడా నొక్కలేదు. సిగ్గు కూడా కోపం లాంటిదే, మనిషిని కదలనివ్వదు.

గుండెపోటట. షాపులోనే. ఆఫీసు గ్రూపులో ఫోటో వచ్చింది, స్వెట్టర్ లేదు.

దినం అయిపోయిన తర్వాత ఒక ఆదివారం గుత్తికి పోయాను. రెండు గదుల ఇల్లు. ఆయన భార్య చాప వేసి కూర్చోబెట్టింది. ఏ ఊరు, ఎవరు అని అడగలేదు, ఆఫీసు నుంచి అంటే చాలనుకుంది. కాసేపు కళ్లు తుడుచుకుని తనే మాట్లాడింది.

"ఆఫీసు గురించి బో చెప్తాండె అక్కా. ఆడ ఒగక్క ఉండాదంట. ఆయమ్మకు మా ఆయన మీద శానా కోపమంట. నేను అడిగితి ఒగసారి, నువ్వు పోయి మాట్లాడకూడదా అని. కోపముంటే ఉండనీలే, ఉద్యోగం ఉండాది గదా ఆయమ్మకు, అదే కావాల్సింది, అనె."

గోడకు ఆయన ఫోటో ఉంది. అటు చూడలేకపోయాను.

"ఆ అక్క నేనేనమ్మా," అన్నాను. "నా ఉద్యోగం నిలబెట్టింది ఆయనే. ఆయన ఉద్యోగం కోసం ఒక్క సంతకం అడిగితే నేను పెట్టలేదు. ఆ మాట చెప్పుకుందామని వచ్చాను."

ఆమె నా వైపు చూసింది. కోపం లేదు ఆ చూపులో. లేచి లోపలికి పోతూ గడప దగ్గర ఆగింది.

"ఆయన ఉన్నప్పుడు వచ్చింటే అయిపోతుండె గదక్కా," అంది. "ఎంత సంతోషపడుతుండెనో."

ఆమె రొట్టె, వేరుశనగ చట్నీ తెచ్చి ముందు పెట్టింది. తిన్నాను.